బహుగ్రంథపఠనము — భద్రాద్రిసీమ నిదర్శనము

పెక్కు గ్రంథములు చదువుట గొప్ప యని లోకమునఁ బ్రతీతి. కాని యెన్ని చదివితి మను లెక్క జ్ఞానము కాదు. భక్తిగ్రంథమును పూజాగృహమునను, నీతిశతకమును బడిలోను, పాకగ్రంథమును వంటయింటను, నవలను పడకయొద్దను విడివిడిగ నుంచినచో నొకదాని మాట మఱియొకదానికి వినఁబడదు. వానిని ప్రక్కప్రక్కన నుంచి చదివినఁ గలుగు ఫలమును ఖమ్మము, భద్రాచలముల యడవిసీమను బట్టి విచారింతము.

ఈ సీమయే యొక సరిహద్దు. గోదావరి కావలియొడ్డున నున్న భద్రాచలము తాలూకా చెన్నపురి రాజధానిలోను, ఈవలియొడ్డున నున్న ఖమ్మము నిజాము రాజ్యములోను ఉండెను. 1959లోఁ గాని భద్రాచలము, నూగూరు తాలూకాలు ఖమ్మము జిల్లాలోఁ జేరలేదు.

మొదట భక్తి. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న పదునేడవ శతాబ్దమునఁ బాల్వంచ పరగణాకుఁ దహసీలుదారు. భద్రాద్రి రామాలయమునకు సర్కారుధనము వెచ్చించె నని గోలకొండలోఁ జెఱఁబడెను. ఆయన కీర్తన యొకదానియందు దేవునికిఁ జేయించిన నగలపేళ్లును వాని వెలలును వరుసగాఁ జెప్పఁబడినవి. దీనిని నిష్ఠురస్తుతి యందురు. నిజమే. కాని కచ్చేరిలోఁ బద్దులు వ్రాసిన చేయి గానిదే యట్టి కీర్తన వ్రాయఁజాలదు. అందుఁ బ్రార్థన జమాఖర్చు రూపము దాల్చినది. దేవుఁడు బాకీదారుఁ డైనాఁడు. దీనిని భక్తిగ మాత్రమే చదువువాఁడు తహసీలుదారును, చరిత్రముగ మాత్రమే చదువువాఁడు ఆర్తుని పోఁగొట్టుకొనును.

రెండవది నీతి. నేఁటి వ్యక్తిత్వవికాస గ్రంథములు 1859లో స్మైల్సు ఆంగ్లమున వ్రాసిన స్వయంసహాయ గ్రంథమునకు వారసులని చెప్పుదురు. మనకు బద్దెన కృతి యని ప్రతీతిగల సుమతిశతకము అంతకుఁ జాలమున్నే కలదు. ఇట్టి రచనల గుణము సంక్షిప్తత, దోషమును నదియే. లోకము నున్నదున్నట్లుంచి, నీవే మెలఁకువతో మసలుకొమ్మని యవి బోధించును. వాని ప్రక్కన దాశరథి రంగాచార్యుల 'చిల్లర దేవుళ్లు' నవల నుంచుఁడు. వెట్టిచాకిరియు, దొరగడియు, ఆడబాప బ్రతుకును గల యూర మెలఁకువ యెవరిని కాపాడును? నీతిశతకమును నవల యడుగు ప్రశ్న యిది. చిల్లర దేవుళ్లను నిలదీసిన యీ రచయితయే నాలుగు వేదములను దెనిఁగించెను. ఒక్క చేత రెండును నిమిడినప్పుడు, పాఠకుని బీరువాలో నిమడకపోవుట యేల?

ఇఁక పాకము. రసము లేని వంటపుస్తకమును సాహిత్యపరులు చదువ నేల యని యాక్షేపింతురు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుఁ డతిథులకు ఋతువున కనువైన భోజనము పెట్టును. అచ్చటఁ బాకశాస్త్రమే ఋతుశాస్త్రము. భద్రాద్రిలోఁ జైత్రమాసపు టెండవేళ శ్రీరామనవమికిఁ బానకమును వడపప్పును బంచుటయు నిట్టిదే. కావున వంటవిధానమును గూడ నొక కాలమునకు, నొక నేలకు సాక్ష్యముగఁ జదువవచ్చును.

కాని యిచ్చట మన బీరువా కొఱఁత బయలుపడును. ఈ యడవులలోని కోయవారికి ఇప్పపువ్వు, తునికిపండ్లు, వెదురుకొమ్ములు, అడవిదుంపలు ఋతుక్రమమున నాహారము. కొన్ని దుంపలు పలుమాఱులు కడిగి యుడికించినఁగాని తినరానివి. ఆ విద్య పుస్తకములకంటె నవ్వల నోటను, చేతను నిలిచినది. కోయభాష ద్రావిడభాషలలో గోండికిఁ జుట్టము. దానికిఁ బ్రాచీన లిఖితవాఙ్మయము లేదు. 2014లోఁ బోలవరము ప్రాజెక్టు నిమిత్తము ఖమ్మము జిల్లాలోని యేడు మండలములు పూర్తిగనో కొంతభాగముగనో ఆంధ్రప్రదేశమునఁ గలుపఁబడినవి. ముంపునకు ఊరు కదలినచో నిల్లు మఱియొకచోటఁ గట్టవచ్చును, అడవిని మోసికొనిపోరాదు. అడవి దూరమైన పిమ్మట దుంప పేరు నిలుచుట యరుదు, పేరు పోయినచో దానిని వండు తెఱఁగును బోవును.

కావున బహుగ్రంథపఠన మనఁగా నచ్చైనవాని నన్నిటిని జదువుట మాత్రమే కాదు. అచ్చుకానిది యేదో యెఱుఁగుటయును. శతకప్రతుల పాఠభేదములకై మన మెంత శ్రమపడుదుమో, అంత శ్రమతోనే కోయయిండ్ల వంటమాటలను, చెప్పినవారి పేళ్లతోడను, వారి యనుమతితోడను వ్రాసికొనవలయును. ఆ సీమ విద్యార్థులలో నొక్కఁడైన దీనికిఁ బూనుకొన్నచో నీ వ్యాసము సఫల మగును.