పక్క కుర్చీలో రసికుడు

ఆన్‌లైన్‌లో పరిచయమైన ఇద్దరు సంగీతాభిమానులు మొదటిసారి కలుసుకోవాలంటే ఎక్కడ కలవాలి? హోటల్లో మాత్రం కాదు. కాఫీ ముందు కూర్చుంటే ఉద్యోగాలూ పిల్లల చదువులూ ట్రాఫిక్కూ మాట్లాడుకుని లేచిపోతారు. కర్ణాటక సంగీతం పిచ్చి ఉన్నవాళ్లు ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు కనిపెట్టారు: కచేరీలో, పక్కపక్క కుర్చీల్లో. డిసెంబరులో చెన్నై మ్యూజిక్ అకాడమీ మెట్ల దగ్గర కాసేపు నిలబడితే చాలు, “నీలం చొక్కా వేసుకున్నానండీ, మీరెక్కడ?” అని ఫోన్లో వెతుక్కునే వాళ్లు కనిపిస్తారు. నెలల తరబడి తోడి రాగం గురించి వాదించుకున్న వాళ్లు అక్కడ కాస్త మొహమాటంగా నమస్కారం పెట్టుకుంటారు.

ఈ డిసెంబరు కచేరీల సీజన్‌కు మూలం 1927లో ఉంది. ఆ డిసెంబరులో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభలతోపాటే అఖిల భారత సంగీత సమ్మేళనం కూడా జరిగింది. దాని ఫలితంగా మరుసటి ఏడు మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. ఇప్పుడు ఆ నెలంతా నగరంలో ఎన్నో సంగీత సభలు పొద్దున్నుంచి రాత్రి దాకా కచేరీలు పెడతాయి.

వేదిక మీద కూర్చునే వాళ్లు కూడా చాలాసార్లు రిహార్సల్ లేకుండానే కూర్చుంటారు. గాయకుడికీ, వయొలిన్ వాయించేవారికీ, మృదంగ విద్వాంసుడికీ ఆ సాయంత్రమే మొదటి పరిచయం కావచ్చు. ఏ కృతి తర్వాత ఏది వస్తుందో పక్కవాద్యాలకు ముందుగా తెలియకపోనూ వచ్చు. అయినా రెండున్నర గంటల కచేరీ నడుస్తుంది. రాగానికి లక్షణం ఉంది, తాళానికి లెక్క ఉంది, కృతి అందరికీ తెలిసిందే. ముక్కూముఖం తెలియని వాళ్లు కలిసి పని చేయడానికి వీలుగా అమరిన సంగీతం ఇది. ఆ వీలే కింద కూర్చున్న వాళ్లకూ పనికొస్తుంది.

అన్నిటికన్నా ముందు తాళం. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు. ఒక దెబ్బ, చిటికెనవేలు మొదలు మూడు వేళ్ల లెక్క, ఆ తర్వాత దెబ్బా విసురూ, మళ్లీ దెబ్బా విసురూ. తొడ మీద చప్పుడు కాకుండా వెయ్యాలి. ఇంట్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేటప్పుడు తప్పినా ఎవరికీ తెలియదు, తల ఊపి సరిపెట్టుకుంటాం. పక్కన మరో చెయ్యి ఉంటే ఆ పప్పులు ఉడకవు. త్యాగయ్య ‘బంటురీతి కొలువు’ వంటి దేశాది తాళం కృతులు ఆవర్తనం మొదటి దెబ్బ అయిన సమం మీద కాక, ఒకటిన్నర అక్షరాలు గడిచాక ఎత్తుకుంటాయి. కొత్తగా వినేవాడి చెయ్యి పల్లవి మొదలైన చోటే దెబ్బ వేస్తుంది. పక్కాయన చెయ్యి ముందే వేసేసి ఉంటుంది. ఆయన నోరు విప్పి దిద్దనక్కర్లేదు, దిద్దడం మర్యాద కూడా కాదు. రెండు ఆవర్తనాలు ఆయన చెయ్యి చూస్తే మన చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది. పుస్తకంలో పేజీల కొద్దీ చదివినా అబ్బని విషయం ఇది.

రాగాలాపన మొదలయ్యాక ఆట మొదలవుతుంది. మొదటి సంగతికే రాగం పేరు పైకి అనేయడం కుర్రతనం. ఎవరికి వాళ్లు మనసులో అనుకుని, కృతి ఎత్తుకున్నాక ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. ఆరభి, దేవగాంధారి రెండూ స రి మ ప ద స అని ఎక్కి, స ని ద ప మ గ రి స అని దిగుతాయి. కాగితం మీద తేడా లేదు, ఉన్నదంతా నడకలో ఉంది. ఆరభి చురుకు; గాంధారాన్నీ నిషాదాన్నీ అలా తాకి వెళ్లిపోతుంది. దేవగాంధారి స్వరాన్ని సాగదీసి, ఊపి, తాపీగా దిగుతుంది. ‘ఇక్కడ’ అని పక్కవాడు వేలు కాస్త ఎత్తిన ఆ క్షణంలో తెలిసే తేడా, మెసేజుల్లో వంద వాక్యాలు రాసుకున్నా తెలియదు.

ఈ ఇచ్చిపుచ్చుకునే బేరంలో తెలుగువాడికీ ఒక పెట్టుబడి ఉంది, మనం దాన్ని తక్కువగా చూసుకుంటాం. త్యాగరాజ కృతులు నూటికి పైగా నోటికి వచ్చిన తమిళ రసికులు చెన్నైలో కావలసినంత మంది. వాళ్లలో చాలామందికి మాటల అర్థం పైపైనే తెలుసు. నెరవల్‌లో గాయకుడు ఒక పాదాన్ని పట్టుకుని పదే పదే అల్లుతున్నప్పుడు ఏ మాట ఎక్కడ విరగకూడదో, ఏ నిష్ఠూరం వెనక ఎంత చనువుందో చెప్పగలిగేది మనమే. తాళం ఆయన నేర్పుతాడు, సాహిత్యం మనం విప్పుతాం.

తని ఆవర్తనం దగ్గర స్నేహం అసలు రంగు బయటపడుతుంది. మృదంగం ఒంటరిగా అందుకోగానే సగం హాలు క్యాంటీన్ వైపు కదలడం చెన్నైలో పాత అలవాటు. నా దృష్టిలో అది మోటుతనమే. లేవకుండా కూర్చుని, చివరి ముక్తాయింపు మూడుసార్లు తిరిగి సరిగ్గా ఎత్తుగడకు వచ్చి పడేదాకా చెయ్యి వదలని మనిషి దొరికితే అతన్ని వదులుకోకండి. దోసె ఎక్కడికీ పోదు.

అన్ని కలయికలూ కుదురుతాయని కాదు. రాతలో గొప్ప పండితుడనిపించినాయన కచేరీ సాంతం చెవిలో వ్యాఖ్యానం చేస్తూనే ఉండవచ్చు. ఇంకొకాయనకు ఏది విన్నా ‘ఆ రోజుల్లో అరియకుడి’ అని నిట్టూర్చే జబ్బు ఉండవచ్చు. అరియకుడి రామానుజ అయ్యంగార్ 1967లోనే పోయారు. వేదిక మీది అమ్మాయి ఇప్పుడు పాడుతోంది, ఆమె మాట చూడాలి. ఇలాంటి వాళ్లతో రికార్డింగులు పంచుకోవడం వరకే మేలు.

దీనికోసం చెన్నైకే పోనక్కర్లేదు. పుష్య బహుళ పంచమికి తిరువయ్యారులో, మన ఊళ్ల త్యాగరాజ ఆరాధనల్లో అంతకుముందు ఎన్నడూ కలవని వాళ్లు కూర్చుని ఆయన అయిదు పంచరత్న కృతులూ ఒక్క గొంతుతో పాడతారు. అమెరికాలో ఉన్నవాళ్లకు 1978 నుంచి క్లీవ్‌లాండ్ ఆరాధన ఉంది. చెన్నైకే వెళ్లదలిస్తే మాత్రం మొదటి కలయికకు పేరున్న విద్వాంసుల సాయంత్రం కచేరీ పెట్టుకోకండి. మధ్యాహ్నం కచేరీకి రమ్మనండి. చాలా సభల్లో దానికి టికెట్ ఉండదు, పక్కపక్క కుర్చీలు సులువుగా దొరుకుతాయి, పాడేవాళ్లు చిన్నవాళ్లు. వాళ్లకు తాళం వేసే చేతులు కూడా కావాలి.