కునుకు తీస్తే కూలే కొంప

నవల మీద రాయమంటే రాస్తాను. సినిమా మీద అడక్కపోయినా రాస్తాను. కంప్యూటర్ ఆట మీద సమీక్ష రాస్తానని మాత్రం కలలో కూడా అనుకోలేదు. మీరు నవ్వినా సరే, ఈ వేసవిలో నేను మొదటినుంచీ శ్రద్ధగా చూసిన కొత్త రచన అదొక్కటే.

మా భద్రాచలం ఎండల సంగతి మీకు తెలిసిందే. పది దాటితే గోదారి ఇసుక మీద కాలు మోపలేం. సెలవలకొచ్చిన మనవడు, మా అమ్మాయి కొడుకు, కూలర్ ముందు కూచుని ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆవకాయ ముక్కలు తుడుచుకుంటూ నేనూ పక్కన చేరాను. ఆట పేరు ఆర్క్. అమెరికాలోని స్టూడియో వైల్డ్‌కార్డ్ అనే సంస్థ 2015లో సగం ఉడికీ ఉడకకుండానే వడ్డించి, 2017లో పూర్తిగా విడుదల చేసింది. 2023లో బొమ్మలకు మెరుగు పెట్టి కొత్త పేరుతో మళ్ళీ అమ్మింది. మా వాడు ఆడేది పాతదే.

కథ ఇదీ. ఒంటి మీద సరిగా గుడ్డయినా లేని మనిషి సముద్రపుటొడ్డున కళ్ళు తెరుస్తాడు. చుట్టూ దీవి, దీవి నిండా రాక్షసిబల్లులు. చెట్టును పిడికిలితో గుద్ది పుల్లలు రాల్చుకోవాలి. రాళ్ళేరుకోవాలి. నీళ్ళకు ఏటికి పోవాలి. పొయ్యి రాజెయ్యాలి. ఆకలి తీరితే దాహం, దాహం తీరితే చలి, చలి తీరేసరికి మళ్ళీ ఆకలి. మొదటి గంట చూసి నాకు నవ్వాగలేదు. "ఒరే, దీన్ని సాహసం అంటార్రా? మా అమ్మ రోజూ తెల్లవారుజామున లేచి చేసిన పని ఇదే" అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఇంటిపనికి అంతం లేదన్న సంగతిని ఇంత నిజాయితీగా చెప్పిన మగ రచయితను నేను ఇంతవరకూ చదవలేదు సుమండీ!

బల్లులకు భయపడడం రెండు రోజుల్లో తీరిపోయింది. మత్తుబాణం వేసి పడగొట్టి, మెలకువ రాకుండా చూసుకుంటూ దానికిష్టమైన మేత పెడితే, లేచాక మన వెంటే నడుస్తుంది. మా వాడు డోడో పక్షితో మొదలుపెట్టి మూడు కొమ్ముల ట్రైసెరటాప్స్ దాకా వచ్చాడు. అసలు భయం వేరే ఉంది. ఆ దీవి మీద వీడొక్కడే లేడు. ఒకే దీవిలో 70 మంది దాకా ఒక్కసారే ఆడొచ్చట. ఎవరు ఏ దేశంవాళ్ళో, ఎంత వయసువాళ్ళో తెలీదు.

అన్నిటికంటే క్రూరమైన నియమం ఒకటుంది. మనం ఆట కట్టేసి లేచిపోయినా దీవి ఆగదు. మన బొమ్మ అక్కడే నిద్రపోతూ పడి ఉంటుంది. ఎవడైనా వచ్చి చంపొచ్చు, మూట విప్పుకోవచ్చు, ఇల్లు పేల్చెయ్యొచ్చు. ఓ సాయంత్రం గాలివానకు మా వీధిలో కరెంటు పోయింది. రాత్రంతా రాలేదు. పొద్దున్నే చూసుకుంటే గోడల్లేవు, పెంచిన జంతువుల్లేవు. పదకొండు రోజుల కష్టం. పిల్లాడు మధ్యాహ్నం దాకా అన్నం ముట్టలేదు.

ఇంటివాళ్ళు లేని సమయం కనిపెట్టి ఇంటి మీద పడడం కొత్త ఎత్తేమీ కాదు. మా ఊరికి ముప్ఫై అయిదు కిలోమీటర్ల దూరంలో పర్ణశాల ఉంది. రావణుడు సీతమ్మను ఎత్తుకుపోయింది అక్కణ్ణుంచేనని మా నమ్మకం. ఆ కథలో అలా వచ్చినవాణ్ణి దొంగ అన్నారు. ఈ ఆటలో గెలిచినవాడంటారు. ఇదే సంస్థ, చివరికి ఒక్కరో ఒక్క జట్టో మిగిలేదాకా కొట్టుకు చచ్చే ఇంకో ఆటను కూడా తీసి, దానికి 'సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్' అని పేరు పెట్టింది. ఆ మాట డార్విన్‌ది అనుకుంటాం గానీ, 1864లో ముందుగా అన్నవాడు హెర్బర్ట్ స్పెన్సర్.

మా వాడు మర్నాడే ఓ తెగలో చేరాడు. రెండ్రోజుల తర్వాత అర్ధరాత్రి మంచినీళ్ళకు లేచాను కదా, గదిలో ఇంకా వెలుతురు. తెర మీద ఓ గడ్డిగుడిసెను అయిదుగురు కలిసి విరగ్గొడుతున్నారు. అందులో మా వాడొకడు. లోపల ఎవరిదో బొమ్మ నిద్రపోతోంది. పక్కన మూడు డోడోలు. వాటికి ముద్దుపేర్లు పెట్టి ఉన్నాయి. ఒకదాని పేరు పింకీ. ఎవరో చిన్నపిల్ల అయ్యుంటుందని నాకనిపించింది.

"ఆటే కదా అమ్మమ్మా" అన్నాడు నా ముఖం చూసి.

మరి నీ ఇల్లు పోయిననాడు అన్నమెందుకు మానేశావురా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. నిద్ర మాత్రం పట్టలేదు.

ఇల్లు పోవడమంటే ఏమిటో నేను చూశాను. 1986 ఆగస్టులో గోదావరి ఇక్కడ 75.6 అడుగులకు వచ్చింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారంటే, అదెంతో ఊహించుకోండి. (2022 జులైలో 71.3 దాకా వచ్చి మళ్ళీ గుండెలు అదరగొట్టింది.) అప్పటికి నేను కాపరానికొచ్చి మూడేళ్ళు. కట్టుబట్టలతో ఎరిగినవాళ్ళ మేడ మీదికి చేరాం. ఆరు కుటుంబాలకు ఒకే పొయ్యి. నీళ్ళు తీశాక ఇంటికెళ్తే మోకాలి లోతు ఒండ్రు. అత్తగారి ఇత్తడి గుండిగలు రెండూ లేవు. వరద తీసుకెళ్ళలేదు, గొలుసు తెగ్గొట్టి ఉంది. కానీ నా కుట్టుమిషన్, నేను నడవాలో వదిలేసి వెళ్ళింది, అటక మీద తాళ్ళతో కట్టి ఉంది! ఎవరు ఎక్కించారో ఇవాళ్టికీ తెలీదు. ఆ మిషన్ మీదే మా పిల్లల గౌన్లన్నీ కుట్టాను.

ఈ ఆట మీద నా అభియోగం అదే. గుండిగలు పట్టుకుపోయినవాణ్ణి అది బాగా ఎరుగును. మిషన్ అటకెక్కించినవాణ్ణి ఎరగదు. సాయం చెయ్యొద్దని ఎక్కడా అనదు, నిజమే. కాని దోచినవాడికి సరుకు దక్కుతుంది, ఇచ్చినవాడి మూట తరిగిపోతుంది, అంతే లెక్క. లెక్క అలా వేసి, 'మనుషులింతే' అని చూపిస్తే ఎలా? తక్కువ తూచే తరాజు తెచ్చి, సరుకే తక్కువందన్నట్టుంది.

అలాగని కొట్టిపారెయ్యలేను. దీవిలో అక్కడక్కడా కొందరు రాసి వదిలేసిన కాగితాలు దొరుకుతాయి. వాటిలో హెలీనా వాకర్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రాతలు నాకు ఎంతో నచ్చాయి. ఆవిడకు ఎవరినీ గెలవాలని లేదు. ఏ జంతువు ఏం తింటుంది, పిల్లల్నెలా సాకుతుంది అని చూసి రాసుకుంటుంది. ఆటలో కాస్త సాహిత్యమంటూ ఉంటే అక్కడే ఉంది. ఆడేవాళ్ళేమో ఆ కాగితాలు దాటి పరుగెత్తుతున్నారు. నేను "ఆగరా, చదవనీ" అని మా వాణ్ణి విసిగించాను. మన కోటాసారస్ ఎక్కడా కనబడలేదన్న దిగులొకటి ఉంది. మా గోదావరికి ఎగువన, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలకు 1988లో పి. యాదగిరి పెట్టిన పేరది. తొమ్మిది మీటర్ల పొడవు, శుద్ధ శాకాహారి. అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. వీడుండేది హైదరాబాదే, చూడనే లేదు!

ఇంకో మంచి సంగతి, గుడ్డు పొదిగించి పిల్లను పెంచడం. మొదట్లో చేత్తో మేత పెట్టాలి. మధ్యమధ్య దగ్గరికి తీసుకోమంటుంది, నడిపించమంటుంది. పెద్దజాతులకు రోజులు పడుతుంది. వాడు స్నానానికి వెళ్తూ, "అమ్మమ్మా, పిల్లకు ఆకలేస్తే ఈ పళ్ళు వెయ్యి" అని నాకు అప్పగించేవాడు. రెండుసార్లు వేశాను. పప్పు మాడింది.

వాడు ఊరికి వెళ్ళే ముందురోజు మళ్ళీ ఏటి ఒడ్డున ఒక్క రాతిగది కట్టాడు. నాతో ఏమీ అనకుండానే, బయట ఓ పెట్టె పెట్టి, అందులో పళ్ళూ కాస్త వండిన మాంసమూ వేశాడు. తాళం వెయ్యలేదు. ఎవరికిరా అంటే, "ఎవరైనా కొత్తవాళ్ళొస్తే" అన్నాడు తలెత్తకుండా.

పొద్దున్న బస్సుకు ముందు ఇద్దరం తెరిచి చూశాం. పళ్ళు లేవు. మాంసమూ లేదు. పెట్టెను మాత్రం ఎవరూ పగలగొట్టలేదు.