ఎడ్మంటన్ మంచులో నల్లగొంగడి

కెనడాలోని ఎడ్మంటన్‌లో నాలుగేళ్ల మనవరాలిని మంచులో ఆటకు తయారు చేయడం నాకు కోడలు నేర్పింది. ముందు ఒంటికి అతుక్కుని ఉండే పల్చటి బట్ట, దానిమీద ఫ్లీస్, ఆపైన ఛాతీ దాకా వచ్చే స్నో ప్యాంటు, బూట్లు, జాకెట్, టోపీ. చేతి తొడుగులు అన్నిటికంటే చివర. వాటిలో బొటనవేలికి ఒక అర, మిగిలిన నాలుగు వేళ్లకూ కలిపి ఒకటే. నాలుగూ ఒకచోట ఉంటే ఒకదాని వేడి ఇంకోదానికి అందుతుంది. మెడకు మఫ్లర్ చుట్టబోతే కోడలు చెయ్యి పట్టుకుంది. ‘‘వద్దు అత్తమ్మా, జారుడుబండ కాడ చిక్కుకుంటే ఉరి పడ్తది’’ అని, కొసలు వేలాడని గుండ్రటి పట్టీ తొడిగింది.

గాలితో కలిపి లెక్కేసిన చలి మైనస్ 28 దాటితే, కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చని కెనడా వాతావరణ శాఖ చెబుతుంది. అంత చలి లేని రోజుల్లో మా పిల్లను బడిలో తప్పకుండా బయట ఆడిస్తారు. మొదట్లో నాకు ప్రాణం విలవిల్లాడేది. బుగ్గలు ఎర్రగా చేసుకుని, ఆకలితో ఇంటికొచ్చి, అడగకుండానే అన్నం తినడం చూశాక ఆ భయం పోయింది.

ఊరి నుంచి ప్రేమగా కుట్టించి తెచ్చిన నూలు బనియన్లను మాత్రం కోడలు లోపలే దాచింది. నూలు చెమటను పీల్చి తడిగా ఒంటికి అంటుకుంటుంది, ఆ తడే చలి పుట్టిస్తుంది. ఉన్ని అట్లా కాదు. తన బరువులో దాదాపు మూడో వంతు తేమను లోపల దాచుకున్నా తడిగా అనిపించదు. వంకీల పోగుల మధ్య గాలి నిలుస్తుంది, ఆ గాలే వెచ్చదనం. ఆమె చెబుతుంటే నాకు దేవరకొండ వైపు మా ఊరు, మా తాత గొంగడి కళ్లముందు నిలిచాయి.

ఒకప్పుడు నల్గొండ, పాలమూరు జిల్లాల్లో పసులు కాసే పిల్లలకు చలి సామాను అదే. తలమీదుగా మడిచి కొప్పెర పెట్టుకుంటే టోపీ, కప్పుకుంటే కోటు, పరుచుకుంటే పక్క. వానలోనూ అదే. ప్రజాకవి సుద్దాల హనుమంతు పసులు కాసే పిల్లగాడి మీద పాట కడుతూ, వాడు పెట్టుకున్న గోనె చింపు కొప్పెరను కూడా మరిచిపోలేదు. పిల్లవాడి కష్టం వాడి ఒంటిమీది గుడ్డలోనే కనబడుతుందని ఆయనకు తెలుసు.

గొంగడి ఉన్ని దక్కని గొర్రెది. ముతక, ఎక్కువగా నలుపు. కత్తిరించిన ఉన్నిని ఏకి, ఆడవాళ్లు రాట్నం మీద వడికితే, కురుమలు పడుగుకు చింతగింజల గంజి పట్టించి గుంత మగ్గం మీద నేస్తారు. కొత్త గొంగడి ఒంటికి గరగరలాడుతుంది. వాడే కొద్దీ మెత్తబడుతుంది.

పోయిన సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు, పిల్ల కొలతకు ఒక చిన్న గొంగడి కావాలని నేసే పెద్దాయన దగ్గరికి పోయాను. ‘‘ఉన్ని యాడున్నదమ్మా, నల్లగొర్లే లేకపాయె’’ అన్నాడు. మాంసం కోసం నెల్లూరు జాతి వచ్చింది, దానికి వెంట్రుకలే తప్ప ఉన్ని ఉండదు. 2017లో మొదలైన సర్కారు పంపిణీలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. ఆ లెక్కంతా మాంసానిదే. ఉన్ని కూడా లెక్కలోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఊళ్లో నన్ను బాధపెట్టింది ఇంకొకటి ఉంది. పొద్దున తొమ్మిదైనా పిల్లలు తలుపుల వెనకే, టీవీ ముందే ఉన్నారు. ‘‘ఇగం పెడ్తది, బయటికి పోకు’’ అని తల్లులు ఆపుతున్నారు. మా చిన్నప్పుడు ఆ వేళకు చలిమంట చుట్టూ పల్లికాయలు కాల్చుకుని, ఉడికిన అనపకాయలు ఒలుచుకుని తిని, చిర్రగోనె ఆటలో ఉండేవాళ్లం. మాకు ఎడ్మంటన్ జాకెట్లు లేవు. కానీ ఏదో ఒకటి కప్పి బయటికి పంపేవాళ్లు.

పెద్దాయన చివరికి పాత గొంగడి ఒకటి వెతికి, చిరిగిన భాగం తీసేసి, అంచు కుట్టి ఇచ్చాడు. దాన్ని సూట్‌కేసులో తెచ్చాను. మొన్న దిబ్బ మీది నుంచి జారడానికి పోయినప్పుడు పిల్లకు జాకెట్ మీద దాన్ని కొప్పెర పెట్టాను. గంటసేపు పొర్లింది. ఇంటికొచ్చి వాకిట్లో దులిపితే మంచు పొడిపొడిగా రాలింది. లోపలివైపు చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.