శౌరివారి సముద్రం, అల్ఫోన్సస్ వారి వాకిలి

యేసుసభ (జెస్విట్) వారి పునీతుల పంచాంగాన్ని నెల్లూరు తీరాన కూర్చుని చదవాలి! రోములో చదివినా గోవాలో చదివినా తేదీలు అవే, పేర్లు అవే. కానీ ఇక్కడ పండుగ పండుగకూ గాలి ఒక తీరుగా వీస్తుంది, నీళ్ళు ఒక రంగు తిరుగుతాయి. ఒక్కొక్క పునీతుడి కథకు ఈ తీరం తన రుతువును శ్రుతిగా పడుతుంది. పూర్వం సభ మఠాల్లో భోజనవేళ ఒకరు ఆనాటి మహనీయుడి చరిత్ర నాలుగు మాటల్లో చదివి వినిపించేవారు. ఏ ఊరివాడు, ఏం చేశాడు, ఎక్కడ కన్నుమూశాడు... అంతే. ఆ పొదుపంటే నాకు ప్రాణం. నగలన్నీ తీసి పక్కన పెట్టాక కూడా తళతళలాడేదే కదా అసలు సౌందర్యం!

డిసెంబరు 3 రానివ్వండి. బంగాళాఖాతంలో వాయుగుండమంటారు. మైపాడు ఒడ్డున పడవలు ఇసుక మీదికెక్కి ఒరిగి పడుకుంటాయి. సరుగుడు తోపుల్లో గాలి ఈల వేస్తుంది. మబ్బూ నీరూ ఒకే బూడిదరంగులో కలిసిపోయి సముద్రం ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో చూపుకు అందదు. ఆ రోజు ఫ్రాన్సిస్ శౌరివారి (జేవియర్) పండుగ. పుట్టింది నవార్ దేశపు కోటలో, చదివింది పారిస్ నగరంలో. తిరిగిందంతా మన సముద్రాల మీద! తమిళ తీరపు పరవ జాలరుల పల్లెల్లో జ్ఞానస్నానాలిచ్చీ ఇచ్చీ చేతులు సోలిపోయేవని, జపాలు చెప్పించీ చెప్పించీ గొంతు పోయేదని ఆయనే లేఖలో రాసుకున్నారు. 1545లో మైలాపూరులో నెలల తరబడి ఉన్నారు. అక్కడినుంచి ఓడెక్కి, ఇదే బంగాళాఖాతం దాటి మలక్కా చేరారు. మనకూ ఆయనకూ మధ్య ఈ నీళ్ళే చుట్టరికం.

ఇక ఆయన చివరి రోజులు! 1552. చైనా ఎదుట షాంగ్‌చువాన్ అనే దీవి. ఒడ్డున ఒక పూరిపాక, పక్కన ఆంటోనియో అనే ఒక్క చైనా క్రైస్తవుడు. కాంటన్‌కు తీసుకుపోతానని మాటిచ్చిన వర్తకుడి పడవ కోసం ఎదురుచూపు. పడవ రాలేదు. జ్వరం వచ్చింది. నలభై ఆరేళ్ళ వయసులో, చేరాలనుకున్న నేల ఎదుటే ఉండగా, ఆ కళ్ళు మూతపడ్డాయి. తుపాను రేగిన రాత్రంతా ఇసుక మీద కూర్చుని పడవ కోసం చూసే పల్లెపాలెం ఆడవాళ్ళకు ఈ ఘట్టాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఎన్ని దేశాలు తిరిగి, ఎన్ని వేలమందిని తాకి, చివరికి రాని ఒక్క పడవ దగ్గర ఆగిన ఆ బతుకు... కరుణరసమంటే ఇదయ్యా!

ఈ పునీతులు మన దగ్గరికి పుస్తకాల్లో కంటే ముందు మనుషుల్లో వచ్చారు. 1700ల తొలినాళ్ళలో ఫ్రెంచి జెస్విట్ గురువులు పుంగనూరు, కృష్ణాపురం దారుల్లో తెలుగు పల్లెల్లో అడుగుపెట్టారు. 1773లో పోపుగారి ఆజ్ఞతో సభే రద్దయింది. గురువులు కనుమరుగయ్యారు; శౌరివారి పేరు పెట్టుకున్న శౌరయ్యలు, సభ స్థాపకుడు ఇగ్నేషియస్ పేరు పెట్టుకున్న ఇన్నయ్యలు, ఇన్నాసమ్మలు ఉండిపోయారు. ఆ తర్వాత నెల్లూరికి వచ్చినవారు వేరే సభవారు, మిల్ హిల్ గురువులు. 1928లో నెల్లూరు మేత్రాసనం ఏర్పడింది. మిల్ హిల్ వారి సభ పాలకుడు పునీత జోజప్ప. నెల్లూరు కతెడ్రల్‌ కూడా ఆయన పేరిటే. అయినా జ్ఞానస్నానపు తొట్టి దగ్గర శౌరివారి పేరు ఆగలేదు. పొలంలో, వలలో, బడిలో ఆ పేరు పిలుస్తూనే ఉన్నారు.

ఫిబ్రవరి 4 నాటికి సముద్రం నెమ్మదిస్తుంది. పులికాట్ నీళ్ళలో ఫ్లెమింగోలు గులాబి బారులు తీరి నిలబడతాయి. ఆ ప్రశాంతిలో జాన్ డి బ్రిట్టో వస్తారు. తమిళులు ప్రేమగా అరుళానందర్ అని పిలుచుకున్న కాషాయధారి. లిస్బన్ రాజకుమారుడితో ఆడుకుంటూ పెరిగినవాడు, మధుర మిషనులో మాంసం మాని పండార సన్యాసిగా తిరిగాడు. పట్టుకుని, హింసించి, దేశం దాటిస్తే మళ్ళీ వచ్చాడు. 1693లో ఓరియూరు ఎర్ర ఇసుకలో తల ఒరిగింది. ఇంతవరకూ వీరరసమే. నన్ను పట్టి నిలిపేది మాత్రం ఆ తర్వాతి దృశ్యం. వార్త లిస్బన్ చేరింది. ఒకనాటి ఆ ఆటల తోడే ఇప్పుడు రాజు, పేద్రో. దేవునికి కృతజ్ఞతగా పూజ జరిపించాడు. బ్రిట్టో తల్లి ఆ పూజకు వచ్చింది. శోకవస్త్రం వేసుకోలేదు, పండుగబట్టలు కట్టుకుని వచ్చింది! ఆ తల్లి ఆ ఉదయం పెట్టె తెరిచి ఆ బట్టలు బయటికి తీసిన క్షణాన్ని తలచుకోండి. చెయ్యి వణికిందో లేదో చరిత్ర చెప్పలేదు. చెప్పనందుకే అది మనల్ని వదలదు.

అయినా నా మనసు ఈ పంచాంగంలో మాటిమాటికీ పోయి వాలేది అక్టోబరు 31 మీద. ఈశాన్య రుతుపవనం అప్పుడే తీరం మీద కాలుపెట్టి ఉంటుంది. వానకు తడిసినవాళ్ళు ఏ ఇంటి తలుపైనా తట్టే రోజులు. ఆ రోజు అల్ఫోన్సస్ రోడ్రిగ్స్ పండుగ. సెగోవియా ఊళ్ళో బట్టల వర్తకుడు. భార్య పోయింది, పిల్లలు పోయారు, వ్యాపారం పోయింది. వయసు మీరింది, చదువు చాలదు అని మొదట సభలోనూ కాదన్నారు. చివరికి 1571లో సాధారణ సహోదరుడిగా చేర్చుకుని మయోర్కా దీవిలోని పాల్మా కళాశాలకు పంపారు. అక్కడ ఆయనకిచ్చిన పని వాకిలి కాపలా. 1617లో చనిపోయేదాకా ఆ దీవిలోనే 46 ఏళ్ళు, అందులో ఎక్కువ కాలం ఆ తలుపు దగ్గరే! గంట మోగితే లేవడం, తాళపుచెవుల గుత్తి అందుకోవడం, నడవడం, గడియ తీయడం. వచ్చింది బిచ్చగాడైనా ప్రభువైనా, ఆ గుమ్మం బయట నిలబడింది దేవుడేనని ఆయన నమ్మకం. అందుకే వస్తున్నాను స్వామీ అంటూ పరుగెత్తేవాడట. ఒక్క దేశం చూడలేదు, ఒక్క రాజుతో వాదించలేదు. ఒకే తలుపును లక్షసార్లు ప్రేమతో తెరిచాడు. ఇంత చిన్న పనిలో ఇంత పెద్ద వెలుగా!

ఆ తలుపు దగ్గరికే ఒక కుర్రవాడు వచ్చి కూర్చునేవాడు, కటలోనియా విద్యార్థి పీటర్ క్లావెర్. సముద్రం దాటి పో, అక్కడ నీకోసం పని ఉంది అని ముసలాయన చెప్పి పంపాడు. క్లావెర్ దక్షిణ అమెరికాలోని కార్తహేనా రేవుకు పోయి, ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చిన ఓడల అడుగు చీకట్లోకి పండ్లతో, మందులతో దిగి, సుమారు నలభై ఏళ్ళు వారి పుండ్లు కడిగాడు. తలుపు తీసినవాడినీ, ఆ తలుపు దాటి వెళ్ళినవాడినీ పదమూడవ లియో పోపుగారు 1888 జనవరి 15న ఒకే రోజు పునీతులుగా ప్రకటించారు. ఆ ఏడాదే జెరార్డ్ మాన్లీ హాప్‌కిన్స్ అనే జెస్విట్ కవి ఆ కాపలాదారు మీద ఒక సానెట్ రాశాడు. రాయకుండా ఎలా ఉండగలడు!

శౌరివారిది మహాసముద్రం, బ్రిట్టోవారిది మహాత్యాగం, కాదనను. కానీ రసం శిఖరమెక్కింది ఆ పాల్మా వాకిట్లోనే అని నా తీర్పు. మీ వీధిలో ఒక శౌరయ్యో ఇన్నయ్యో తప్పక ఉంటారు. ఈ అక్టోబరు 31న వారింటికి వెళ్ళి, వారి పేరింటి పునీతుడి కథ వారి నోటే చెప్పించుకుని, బదులుగా మీరు అల్ఫోన్సస్ కథ చెప్పి రండి.