దాపరికం లేని వైన్

డ్రై రీస్లింగ్‌లో నేను ముందు చూసేది పులుపు. మిగతా తెల్ల వైన్లలో చాలావాటికి ఓక్ పీపాల వాసనో, వెన్న కమ్మదనమో తోడుంటుంది. రీస్లింగ్‌ను మామూలుగా కొత్త పీపాల్లో పెట్టరు. పైగా తీపి కూడా లేదంటే ద్రాక్షలో ఉన్న లోపం దాక్కోవడానికి చోటే ఉండదు. ఓపిక పడితే దీని నాణ్యతను ఎవరైనా అంచనా కట్టగలరు.

ఓపిక ఎందుకంటారా? ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే ఏ సీసా అయినా బాగానే అనిపిస్తుంది. మరీ చల్లగా ఉంటే పరిమళమూ తెలియదు, లోపమూ తెలియదు. అందుకే గ్లాసులో పోసి పావుగంట వదిలేస్తాను. దక్షిణ ఆస్ట్రేలియాలోని క్లేర్ వ్యాలీ నుంచి వచ్చిన లేత వైనైతే అప్పుడు నిమ్మతొక్క ఘాటు ముక్కుకు తగులుతుంది. ఒక గుక్క మింగి ఊరుకుంటాను. నాసిరకమైతే పులుపు పళ్లను జివ్వుమనిపించి మాయమవుతుంది, ఆ తర్వాత నోట్లో నీళ్లు తాగినట్టే. మంచిదైతే నోరూరుతుంది, దాని వెనకే పండు రుచి వచ్చి నాలుక మీద నిలబడుతుంది. ఎంతసేపు నిలబడిందో చూసే నేను డబ్బు పెడతాను.

జర్మన్ సీసా మీద ‘ట్రోకెన్’ (డ్రై) అని ఉంటే లీటరుకు చక్కెర 9 గ్రాములు దాటదు. రీస్లింగ్ పులుపు ముందు ఆ కాస్త తీపి దాదాపు తెలియదు. అక్కడి పేరున్న తోటల ‘గ్రోసెస్ గెవెక్స్’ సీసాలు గొప్పవే, కానీ ఖరీదు, పైగా లేతగా ఉన్నప్పుడు ముడుచుకుని ఉంటాయి. అదే తయారీదారు చేసే మామూలు ‘గుట్స్‌వైన్’ చాలా తక్కువకు దొరుకుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది అదే.

కొన్ని రీస్లింగ్‌లలో వచ్చే కిరోసిన్ వాసన సంగతి చాలామంది అడుగుతారు. టీడీఎన్ అనే పదార్థం వల్ల వస్తుందది. ఎండ బాగా తగిలిన ద్రాక్షలో దాని మూలాలు ఎక్కువగా చేరి, సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ టీడీఎన్‌గా మారతాయి. పదేళ్ల వైన్‌లో తేనె వాసనతో కలిసి వస్తే నాకు పండగే. నిరుటి పంటలోనే గుప్పుమంటే మాత్రం డబ్బు పెట్టను. ఇక స్క్రూ మూత చూసి చవక సరుకనుకోకండి. కార్క్ వల్ల వైన్ పాడవుతోందని క్లేర్ తయారీదారులు చాలామంది 2000 పంట నుంచి కలిసికట్టుగా స్క్రూ మూతకు మారారు.

సగం సీసా మిగిల్చి, మూత బిగించి మర్నాడు మళ్లీ రుచి చూడండి. ఇంకా నోరూరిస్తుంటే అదే పంటవి మరో నాలుగు కొని ఐదేళ్లు చల్లని చోట దాచండి.