నాలుగు అంకెల పనితనం

అరవై దాటినవాళ్ల మెదడు ఎంఆర్ఐ రిపోర్టులో ‘ఫజెకాస్ గ్రేడ్ 2’ లాంటి మాట తరచూ కనబడుతుంది. ఇంటిల్లిపాదీ కంగారుపడి డాక్టరు దగ్గరికి పరిగెత్తుతారు గానీ, ఆ గ్రేడు వెనకున్న పనితనం ఎవరి దృష్టికీ రాదు. ఇంత పొదుపుగా తయారై ఇంతకాలం నిలిచిన కొలమానాలు వైద్యంలో అరుదు.

ఆస్ట్రియాకు చెందిన నరాల వైద్యుడు ఫ్రాంజ్ ఫజెకాస్ అమెరికాలోని సహచరులతో కలిసి 1987లో దీన్ని ప్రచురించారు. అప్పటికి ఎంఆర్ఐ కొత్త. మెదడులో ఒక భాగం నుంచి మరో భాగానికి కబుర్లు మోసే నరాల పోగులుండే చోటు తెల్ల పదార్థం. పెద్దవయసువాళ్ల స్కాన్లలో అక్కడ మెరిసే మచ్చలు కనిపిస్తున్నాయి. అవి ఎందుకొస్తున్నాయో అప్పటికింకా తేలలేదు. ఫజెకాస్ కారణం జోలికి పోలేదు. కంటికి కనబడే ఆకారాన్నే పట్టుకున్నారు.

మెదడు నడుమ నీటి గదులుంటాయి. వాటి చుట్టూ మచ్చ లేకపోతే 0. గది కొసన టోపీలాగానో, అంచు వెంట పెన్సిల్ గీతంత సన్నగానో ఉంటే 1. నున్నటి వలయంలా చుట్టుకుంటే 2. ఆ అంచు చెదిరి, ఎగుడుదిగుడుగా లోతుకు పాకితే 3. గదులకు దూరంగా ఉన్న తెల్ల పదార్థానికి వేరే గ్రేడు: విడివిడి చుక్కలు 1, అవి ఒకదానితో ఒకటి కలవడం మొదలైతే 2, కలిసిపోయి పెద్ద పెద్ద మచ్చలైతే 3. చుక్కలెన్నో లెక్కపెట్టమనలేదు, మిల్లీమీటర్లు కొలవమనలేదు. చుక్కలు కలిసే చోట గీత గీశారు. నా మటుకు అసలు నేర్పంతా అక్కడే ఉంది.

ఆ గీత సరైన చోటే పడిందని తర్వాత తేలింది. 1993లో ఫజెకాస్ బృందం, చనిపోయినవారి మెదడు కణజాలాన్ని మైక్రోస్కోపు కింద చూసి స్కాన్లతో పోల్చింది. గదుల చుట్టూ నున్నటి వలయాలకు రక్తం అందకపోవడం కారణంగా కనిపించలేదు. కలిసిపోయిన మచ్చల్లో మాత్రం రక్తం చాలక కణజాలం దెబ్బతిన్న గుర్తులున్నాయి. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఆరేళ్లు గమనించి 2003లో ప్రచురించిన ఫలితాల్లోనూ అంతే: చుక్కలు పెద్దగా పెరగలేదు, కలిసిన మచ్చలే వేగంగా విస్తరించాయి.

తమ పనులు తాము చేసుకుంటున్న 65–84 ఏళ్లవాళ్లు 639 మందిని యూరప్‌లో ‘లాడిస్’ అధ్యయనం మూడేళ్లు గమనించింది. ఇదే గ్రేడింగును కాస్త సవరించి వాడారు. ఒకరిమీద ఆధారపడే స్థితికి చేరినవాళ్లు, మరణించినవాళ్లు కలిపి, మచ్చలు తక్కువగా ఉన్నవారిలో ఏడాదికి 10.5 శాతం, తీవ్రంగా ఉన్నవారిలో 29.5 శాతం. ఈ మచ్చలు ముదిరినప్పుడు ముందుగా దెబ్బతినేది చాలాసార్లు జ్ఞాపకశక్తి కాదు, ఆలోచనలోని చురుకుదనం, ఒక పనిని వరసగా తలపెట్టి పూర్తిచేసే నేర్పు. అందుకే ఇంట్లోవాళ్లు దాన్ని వయసు మీద పడిందనుకుని వదిలేస్తారు.

ఈ గ్రేడుకు ఒక లోటుంది: 3 తర్వాత మెట్టు లేదు, కొద్దికొద్దిగా పెరిగేది దీనికి చిక్కదు. 2019లో అమెరికాలోని ‘స్ప్రింట్ మైండ్’ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. పై బీపీని 120 లోపు ఉంచాలని చూసినవారిలో సుమారు నాలుగేళ్లలో మచ్చలు సగటున 0.92 ఘన సెంటీమీటర్లు పెరిగితే, 140 లోపు చాలనుకున్నవారిలో 1.45 పెరిగాయి. ఆ తేడా తేల్చడానికి కంప్యూటర్ లెక్కే కావాల్సివచ్చింది. స్కాన్ సెంటర్‌లో రిపోర్టు రాసే రేడియాలజిస్టు మాత్రం నేటికీ కంటితో చూసే గ్రేడు వేస్తారు. బీపీ విషయంలో ఇక అశ్రద్ధ కూడదని డాక్టరు గట్టిగా చెప్పడానికి ఆ ఒక్క అంకె చాలు.