ఇనుము నేర్పిన ఓపిక, ప్లాస్టిక్ మీద బంక

మహర్నవమి నాడు బెంగళూరు రోడ్ల మీద తిరిగే ప్రతి బండికీ పెళ్లికళ వస్తుంది. బానెట్‌కు అటూ ఇటూ అరటి పిలకలు, ముందు అద్దానికి బంతిపూల దండ, టైర్ల కింద నిమ్మకాయలు, ప్రతి కూడలిలోనూ కుంకుమ పులుముకుని పగిలిన బూడిద గుమ్మడికాయలు. దశమి దాటేసరికి పూలు వాడిపోతాయి, పిలకలు ఊడబీకుతారు. కారు లోపల మాత్రం ఒకటి మిగులుతుంది. దండ జారకుండా డ్యాష్‌బోర్డుకు అంటించిన సెల్లోటేపు బంక, కొత్తగా పెట్టిన వినాయకుడి కింద డబుల్ టేపు బంక. దాని మీద దుమ్ము పడుతుంది, ఎండ పడుతుంది. కొన్నాళ్లకు అది గోకినా రాని నల్లటి చార.

ఈ ఊరి పూజలో కుంకుమకన్నా ముందు వచ్చేది శుభ్రం చెయ్యడం. ఆ అలవాటు కార్లకన్నా ముందు కార్ఖానాల్లో స్థిరపడింది. 1940లో హెచ్‌ఏఎల్, 1948లో ఐటీఐ, 1953లో హెచ్‌ఎంటీ, 1954లో బీఈఎల్ వచ్చాయి. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి పనికి వచ్చిన తెలుగువాళ్లకూ ఆ షెడ్లే బడి. పండగ వస్తోందంటే లేత్ మిషన్‌ను కాటన్ వేస్టుతో తుడిచి, ఏళ్ల జిడ్డును కిరసనాయిలుతో కరిగించి, ఆరాక పల్చగా నూనె పట్టించి, ఆ తర్వాతే బొట్టు పెట్టేవారు. అదే చెయ్యి ఇంటి ముందున్న స్కూటరు మీదికీ, తర్వాత కారు మీదికీ వచ్చింది. చిక్కు అక్కడే మొదలైంది. కిరసనాయిలు ఇనుమును ఏమీ చెయ్యదు. ప్లాస్టిక్ అలా కాదు. షెడ్డు నేర్పిన ఓపిక ఇక్కడా పనికొస్తుంది, షెడ్డులోని సీసా మాత్రం పనికిరాదు.

పైకి ఒకేలా కనిపించినా కారు లోపలి ప్లాస్టిక్ అంతా ఒక జాతి కాదు. డ్యాష్‌బోర్డు, డోర్ ప్యాడ్‌లు చాలా కార్లలో పాలీప్రొపిలీన్. అది మొండిది, కొంత తట్టుకుంటుంది. మధ్య ప్యానెల్, ఏసీ గ్రిల్, మెరిసే నల్లటి పట్టీలు ఎక్కువగా ఏబీఎస్. దాని మీద గోళ్ల రంగు తుడిచే అసిటోన్ గానీ, పెయింటు థిన్నర్ గానీ పడితే బంకతో పాటు ప్లాస్టిక్కే కరుగుతుంది. తుడిచిన చోట తెల్లగా పాలిపోతుంది, గుడ్డ పోగులు అందులోనే అతుక్కుపోతాయి. మీటరు మీద ఉండే పారదర్శకమైన మూత ఇంకా సున్నితం. అది యాక్రిలిక్కో పాలీకార్బొనేటో అయి ఉంటుంది. యాక్రిలిక్‌కు స్పిరిట్ తగిలినా వెంట్రుకల్లాంటి పగుళ్లు పుట్టొచ్చు. గట్టిగా రుద్దినందుకు వచ్చే పగుళ్లు కావవి. అచ్చు పోసినప్పుడు లోపల మిగిలిన బిగువు, ద్రావకం తగలగానే బయటపడుతుంది. కోవిడ్ రోజుల్లో కనిపించిన ప్రతిదాని మీదా శానిటైజర్ కొట్టిన చేతులు ఈ మూతను కూడా వదల్లేదు.

బంకలోనూ రెండు రకాలు. సెల్లోటేపు, చవక స్టిక్కర్ల వెనక తరచుగా రబ్బరు జాతి బంక ఉంటుంది. బొమ్మల కింద వాడే మంచి ఫోమ్ టేపుది యాక్రిలిక్ జాతి. రబ్బరు బంకకు నూనె పడదు. నూనె తాగి ఉబ్బి, పట్టు వదిలేస్తుంది. యాక్రిలిక్ బంక నూనెకు అంత తేలిగ్గా లొంగదు. మాస్కింగ్ టేపు పుట్టిందే కార్ల కోసమన్నది ఇక్కడ గుర్తు చేసుకోదగ్గ సంగతి. రెండు రంగుల కార్లకు పెయింటు వేసేవాళ్లు అంటించిన కాగితం తీస్తుంటే రంగు కూడా ఊడి వస్తోందని, 1925లో త్రీఎమ్ కంపెనీ ఉద్యోగి రిచర్డ్ డ్రూ దాన్ని తయారుచేశాడు. అంటుకోవాలి, అడిగినప్పుడు వదలాలి. ఆ రెండో గుణం మన పండగ టేపుల్లో తక్కువ.

అందుకే వంటింటి కొబ్బరినూనెకు నా ఓటు. డిసెంబరు ఉదయాల్లో బెంగళూరులో అది సీసాలోనే గడ్డకడుతుంది, 24 డిగ్రీల దగ్గర దాని తీరు అంతే. కాస్త ఎండలో పెట్టి కరిగించి, దూది ముద్దను తడిపి బంక మీద అరగంట వదిలెయ్యాలి. ముందుగా మాత్రం గ్లవ్ బాక్సు లోపలి అంచున, కంటికి కనపడని చోట, ఒక చుక్క పెట్టి చూడటం మంచి పనివాడి లక్షణం. దూది తీశాక చూస్తే బంక అంచులు మెత్తబడి లేచి ఉంటాయి. అప్పుడు గోరు వద్దు, బొటనవేలి మెత్తటి భాగంతో అంచు నుంచి లోపలికి దొర్లించాలి. బంక చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుని వచ్చేస్తుంది. రాకపోతే మళ్లీ దూది, మళ్లీ అరగంట. డ్యాష్‌బోర్డు గీతల్లో ఇరుక్కున్నదాన్ని పాత మెత్తటి టూత్‌బ్రష్ తీస్తుంది. చివర గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి, గుడ్డను గట్టిగా పిండి తుడవాలి. ఈ చివరి పని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. నూనె మిగిలితే దుమ్మంతా అక్కడే పోగవుతుంది. నీలగిరి తైలం ఇంకా త్వరగా పనిచేస్తుంది, నిజమే. కానీ ఆ తొందరే ఏబీఎస్‌కు ముప్పు.

ఫోమ్ టేపును పీకకూడదు, కొయ్యాలి. బొమ్మకూ ప్లాస్టిక్‌కూ మధ్య నైలాన్ దారం దూర్చి రంపంలా అటూ ఇటూ లాగితే ఫోమ్ తెగిపోతుంది. మిగిలిన పొరకు వెచ్చదనం కావాలి. హెయిర్ డ్రయ్యర్ దూరం నుంచి చాలు, ప్లాస్టిక్ మీద అరచెయ్యి ఆనించలేనంత వేడి ఎక్కితే ఎక్కువైనట్టే. 2016 ఏప్రిల్‌లో 39.2 డిగ్రీలు చూసిన ఊరిది. వేసవి మధ్యాహ్నం ఎండలో ఆపిన కారుకు డ్రయ్యర్ కూడా అక్కర్లేదు.

టౌన్‌హాల్ నుంచి మినర్వా సర్కిల్ దాకా జేసీ రోడ్డులో కారు సామాన్ల దుకాణాల ముందు ఈ పని ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు కారు అద్దాలకు నల్ల ఫిల్ము అంటించకూడదని చెప్పినప్పుడు దేశమంతా ఫిల్ములు పీకించుకుంది. అద్దం గట్టిది, బ్లేడుకు ఓర్చుకుంటుంది. కానీ జారిన బంక నీళ్లు డోర్ ప్యాడ్ మీద పడ్డాక అదే బ్లేడుతో అక్కడా గీకితే పడిన గీత ఇక పోదు. పెట్రోలు గుడ్డ సంగతి వేరే చెప్పనక్కర్లేదు, మూసిన కారులో ఆ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

ఎడమ సీటు ముందు ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న మూత మీద బంక ఉంటే తీసెయ్యడమే కాదు, మళ్లీ అక్కడ ఏదీ అంటించకూడదు. రెప్పపాటు కన్నా వేగంగా తెరుచుకునే ఆ సంచి, దాని మీదున్న బొమ్మను ప్రయాణికుడి ముఖం మీదికే విసురుతుంది.

ఇంత చేసినా పోని మరకలు రెండున్నాయి. నిజానికి అవి బంకే కాదు. క్యాబ్ డ్రైవర్లు ఫోన్ కోసం పెట్టే జెల్ ప్యాడ్‌ నుంచి మెత్తదనాన్నిచ్చే రసాయనం నెమ్మదిగా డ్యాష్‌బోర్డులోకి దిగుతుంది. ఆ మెరుపు మచ్చ ప్లాస్టిక్ లోపలే ఉంటుంది, ఏ నూనే దాన్ని తియ్యలేదు. రెండోది, కొన్ని కార్ల బటన్ల మీదా తలుపు పిడుల మీదా ఉండే మెత్తటి పాలీయురెథేన్ పూత. గాలిలోని తేమకు ఏళ్ల తరబడి విరిగి, తనంతట తనే జిగటగా మారుతుంది. దాని మీద ఎవరూ ఏమీ అంటించి ఉండరు. కొబ్బరినూనె రాస్తే ఇంకా పాడవుతుంది. స్పిరిట్ అద్దిన గుడ్డతో, కింది ప్లాస్టిక్ తట్టుకుంటుందో లేదో చూసుకుని, పూత మొత్తం తుడిచెయ్యడమే దారి. కింద గట్టి ప్లాస్టిక్ బయటపడుతుంది. మెత్తదనం పోయిందని కొందరు బాధపడతారు గానీ, వేలికి అంటుకోని బటన్ నాకు చాలు.